మూత తీసినంతసేపూ బాగానే ఉంది

రక్తపరీక్షల ల్యాబ్‌లో, కౌంటరు మీద, మా మేనత్త సంచిని బోర్లించారు. స్క్రూడ్రైవర్లు, చిన్న బ్రష్షు, పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు, తలనొప్పి మాత్రలు, సగం తిన్న బిస్కెట్ పొట్లం, పళ్ళు విరిగిన దువ్వెన, అన్నీ జనం ముందు పడ్డాయి. వాటి మధ్య మెత్తటి గుడ్డలో చుట్టిన రెండు ర్యామ్‌లు. వేలెడంత పొడవుండే పచ్చటి పలకలు అవి. కంప్యూటర్ తాను చేస్తున్న పనిని గుర్తుపెట్టుకునేది వాటిలోనే. ల్యాబ్ మేనేజరు వాటిని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకని తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తి, హాలంతటికీ చూపించాడు.

“మా మిషన్‌లో ఉండేవి కూడా ఈ కంపెనీవేనండీ. మంచివి లాగేసి పాడైనవి పెట్టిపోతోంది. అందుకే ఈవిడ వచ్చి వెళ్ళిన మర్నాడే ఎర్రర్లు. పోనీలే ఆడమనిషి కదా అని పని ఇస్తే, చూశారా?”

“అవి నావి. పరీక్ష చేయడానికి తెచ్చుకుంటాను” అంది అత్త.

“దొరికాక అందరూ అదే అంటారు.”

హాల్లో గోడవార కుర్చీలో ఒకాయన మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని కూర్చున్నాడు. ఆయన మా నాన్న. అత్తకి స్వయానా అన్న. అత్త ఆయన వైపు ఒక్కసారి చూసింది. ఆయన దూది ఎత్తి, రక్తం ఆగిందో లేదో చూసుకున్నాడు. చాలా శ్రద్ధగా చూసుకున్నాడు. తర్వాత లేచి, చొక్కా చెయ్యి కిందికి దించుకుని, ఎవరికీ ఏమీ కానివాడిలా వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆ రెండిట్లో ఏది పెద్ద అన్యాయమో అత్తని అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు.

అత్త దుకాణం బజారు మధ్యలో ఒక పాత భవనంలో, మెట్ల కింద ఉండేది. నిలబడితే తల తగిలే చోటు. పై అంతస్తులకి ఎక్కేవాళ్ళ అడుగులన్నీ ఆమె నెత్తి మీదే పడేవి. ఆ దుకాణం పెట్టింది మా మామయ్య. పెట్టడమొక్కటే ఆయన చేసిన పని. బోర్డు రాయించాడు, దాని కింద నిలబడి ఫొటో దిగాడు, కొన్నాళ్ళకి మొహం మొత్తి ఇంకో ఊళ్ళో ఇంకో వ్యాపారం పెట్టడానికి వెళ్ళాడు. అక్కడ ఇంకో సంసారం కూడా పెట్టాడని తర్వాత తెలిసింది. ఏడుద్దామంటే తీరిక లేదు, దుకాణం నిండా ఆయన విప్పి పడేసిన కంప్యూటర్లు, వాటి తాలూకు మనుషులు గుమ్మంలో. అత్త వాటిని బిగించడం నేర్చుకుంది. బిగించడం వచ్చాక విప్పడం కూడా వచ్చింది.

నేను పక్కనే జెరాక్స్ దుకాణంలో పనిచేసేవాణ్ణి. జనం కాపీలు తీయించడానికి తెచ్చే పుస్తకాలు, పేజీ తర్వాత పేజీ వెలుగు కింద నుంచి పోతుంటే చదివేవాణ్ణి. అత్తకి అది పెద్ద వేళాకోళం.

“ఏరా పండితుడా, ఇవాళ ఏ పుస్తకం మొహం చూశావు?”

“చరిత్ర.”

“ఏం తెలిసింది?”

“ఎవడో ఏదో చేస్తాడు, ఇంకెవడో ఇరుక్కుంటాడు.”

“అది తెలుసుకోవడానికి పుస్తకం దేనికిరా, మీ అత్త మొహం చూస్తే చాలదూ?”

నోరు మంచిది కాదు ఆమెది. కీబోర్డు తలకిందులు చేసి మెతుకులు రాలితే, తెచ్చినవాడి మొహానే, “మీ అబ్బాయి దీనిమీద పాఠాలు చదువుతాడా, దీనిలో భోంచేస్తాడా?” అని అడిగేది. అయినా వచ్చేవాళ్ళు. ఎందుకంటే అత్త ఒక కంప్యూటర్ పెట్టె చూసి బాగుంది అంటే అది బాగున్నట్టే. ఆ మాట తేలిగ్గా అనేది కాదు. అన్నాక వెనక్కి తీసుకునేది కాదు. ఉన్న ఒక్క గర్వమూ అదే.

ల్యాబ్‌లో రక్తాన్ని పరీక్షించే యంత్రం వేరే ఉంటుంది. అది తేల్చిన అంకెని పక్కనున్న కంప్యూటర్ అందుకుని, దాచుకుని, రిపోర్ట్ మీద అచ్చు వేస్తుంది. ఆ కంప్యూటర్‌లో తనిఖీ ప్రోగ్రాం ఒకటి ఉండేది. మధ్యాహ్నం జనం పలచబడిన వేళ అది తన మెమరీని తానే పరీక్షించుకునేది. మెమరీలో ప్రతి గదిలోనూ ఒక మాట రాసి, మళ్ళీ తీసి చదువుతుంది. రాసిందే తిరిగి వస్తే సరే. లేకపోతే ఎర్ర అక్షరాలు. ఒకరోజు ఎర్ర అక్షరాలు వచ్చాయి. కౌంటరు అమ్మాయి భయపడి అత్తకి ఫోన్ చేసింది.

అత్త ఆ సీపీయూని దుకాణానికి తెచ్చి, బల్ల మీద పక్కకి పడుకోబెట్టి, మూత తీసి, అదే తనిఖీ నడిపింది. ఒక్క తప్పు లేదు. ర్యామ్‌లు ఊడదీసి, వాటి ఇత్తడి రంగు పళ్ళని రబ్బరుతో రుద్ది, ఒక్కొక్కటే పెట్టి మళ్ళీ నడిపింది. లేదు. “బాగుంది” అని పంపింది. వారం తిరక్కుండా మళ్ళీ ఎర్ర అక్షరాలు. మళ్ళీ తెచ్చింది. మళ్ళీ శుభ్రం.

మూడోసారి తానే ల్యాబ్‌కి వెళ్ళింది. ఈ పని చేసేవాళ్ళందరి దగ్గరా ఒక జత మంచి ర్యామ్‌లు ఉంటాయి. ఏ తప్పూ లేనివని ఖాయంగా తెలిసినవి. అనుమానం వచ్చిన పెట్టెలో ముందు వాటిని పెట్టి చూస్తారు. అత్త వాటిని సాక్షులు అనేది. “ఎవడు అబద్ధం ఆడినా నా సాక్షులు ఆడవు” అనేది. ల్యాబ్‌లో కౌంటరు వెనక నేల మీద చతికిలబడి, మూత తీసి, సాక్షుల్ని పెట్టి చూసింది. శుభ్రం. వాటిని తీసి ల్యాబ్ వాళ్ళవే మళ్ళీ పెట్టి చూసింది. అవీ శుభ్రమే. సాక్షుల్ని గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని, “బాగుంది” అని లేచింది. మేనేజరు ఆమె చేతుల వంకే చూస్తూ నిలబడ్డాడట.

మర్నాడు ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఫోన్ చేసి పిలిపించి సంచి బోర్లించారు. సాక్షుల్ని తిరిగి ఇవ్వలేదు.

తర్వాత ల్యాబ్ వాళ్ళు రెండు జాగ్రత్తలు తీసుకున్నారు. కౌంటరు కింద కొత్తగా చెక్క పెట్టె చేయించి, కంప్యూటర్‌ని అందులో పెట్టి తాళం వేశారు, ఇంకెవరూ చెయ్యి పెట్టకుండా. తాళం చెవి మేనేజరు నడుముకి వేలాడేది. రెండోది, కొత్త మెకానిక్‌ని పెట్టుకున్నారు. ఆయన వచ్చీరాగానే తనిఖీ ప్రోగ్రాంని తీసేశాడు. “ఇది ఉత్త పిరికి ప్రోగ్రాం అండీ. లేనిపోని భయాలు పెడుతుంది. పని నెమ్మది చేస్తుంది కూడా” అన్నాడట. ఆ రోజు నుంచి ఎర్ర అక్షరాలు లేవు. ఆవిడ రావడం మానేశాక చూడండి ఎంత హాయిగా ఉందో అనుకున్నారు. బజారు కూడా అదే అనుకుంది. అత్త దుకాణానికి మనుషులు తగ్గారు. వచ్చినవాళ్ళు కూడా, ఆమె విప్పుతుంటే, ఇదివరకు టీ తాగడానికి వెళ్ళేవాళ్ళు ఇప్పుడు వెళ్ళకుండా నిలబడేవాళ్ళు.

మా నాన్న ఆ సంగతి ఇంట్లో ఎత్తలేదు. అత్తే వచ్చి మా అమ్మతో చెప్పింది. నాన్న గదిలోంచి బయటికి రాలేదు. ఆయన బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. జీవితమంతా ఎదుటివాడి మాట వినకుండా చేతిలో కాగితం చూపించమన్నవాడు. చెల్లెలి చేతిలో చూపించడానికి కాగితం లేదు. ర్యామ్‌లకి రసీదు ఎవరు దాస్తారు?

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం మా జెరాక్స్ మిషను వేడెక్కి కాగితాలు నమిలేస్తుంటే మా యజమాని, “మీ అత్త ఫ్యాను పట్రారా, కాసేపు” అన్నాడు. అత్త బల్ల మీద ఒక ఫ్యాను ఎప్పుడూ తిరుగుతూ ఉండేది. మెట్ల కింద అది లేకపోతే ఊపిరాడదు. దాన్ని పట్టుకొచ్చాను. అప్పుడు ఆమె ఎవరిదో పాత సీపీయూ మూత తీసి పరీక్షిస్తోంది. మిషను చల్లబడ్డాక తిరిగి ఇవ్వడానికి వెళ్ళేసరికి తెర మీద ఎర్ర అక్షరాలు పాకుతున్నాయి.

“దీనికీ మొదలైందా?” అన్నాను, ఫ్యాను పెట్టి మీట నొక్కుతూ.

కాసేపటికి ఎర్ర అక్షరాలు ఆగిపోయాయి. అత్త తెరని చూసింది, ఫ్యానుని చూసింది.

“ఒరేయ్, ఫ్యాను తీసుకుపో.”

“ఇప్పుడేగా తెచ్చాను.”

“తీసుకుపొమ్మన్నానా!”

తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాను. అత్త సీపీయూ మూత వేసి, రోజూ ఊడదీయడమే తప్ప మధ్యలో ఎప్పుడూ బిగించని స్క్రూలు బిగించింది. చెమట గడ్డం మీంచి కారుతోంది, తుడుచుకోలేదు. కొంతసేపటికి మళ్ళీ ఒక ఎర్ర వరుస వచ్చింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఆగకుండా.

“ఇన్నేళ్ళూ మూత తీసి, ఫ్యాను పెట్టి చూశానురా” అంది. “ఒళ్ళు కాలిపోతున్నవాణ్ణి చన్నీళ్ళలో కూర్చోబెట్టి, ముట్టుకుని, జ్వరం లేదు పో అన్నాను. ఆ ల్యాబ్‌లోనూ అంతే. ఏసీ గది, మూత తీసిన పెట్టె. బాగుండక ఏం చేస్తుంది?”

“పోనీలే అత్తా. వాళ్ళు నిన్ను పొమ్మన్నారుగా. ఎవడి ఖర్మ వాడిది.”

“వాళ్ళిప్పుడు దాన్ని చెక్కపెట్టెలో పెట్టి తాళం వేశారు.”

ఆ మాట అని ఆమె బల్ల పట్టుకుని కూర్చుంది. తర్వాత నా రెండు చేతులూ లాగి, బొటనవేళ్ళు మడిచి, మిగిలినవాటిలో కొన్ని నిలబెట్టి, కొన్ని వంచింది.

“ఇది కంప్యూటర్ లోపల మూడు అనే అంకె అనుకో. నిలబడ్డవి వెలిగే దీపాలు, వంగినవి ఆరినవి. ఆ ల్యాబ్ పెట్టెలో వచ్చిన ఎర్ర అక్షరాల్లో ఎప్పుడు చూసినా ఒకే గది, ఒకే దీపం ఆరిపోతోంది. అప్పుడు పట్టించుకోలేదు, మూత తీస్తే పోయేదిగా.” నిలబడ్డ వేళ్ళలో ఒకదాన్ని వంచింది. “ఇప్పుడు ఇది ఎంతో తెలుసా? ఒకటి. మిగతావేమీ మారలేదు. అచ్చులో చూసేవాడికి అనుమానం కూడా రాదు. మూడు కాస్తా ఒకటి.”

“అన్నిసార్లూ అవుతుందా?”

“అవదురా, అదే కదా. ఆ అంకె వెళ్ళి సరిగ్గా ఆ గదిలో కూర్చోవాలి, అప్పటికి పెట్టె ఉడుకుతూ ఉండాలి. ఎవరిది ఎప్పుడు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి.” చప్పున నా చేతులు వదిలేసింది. “మీ నాన్నది ఈ నెల ఎంత వచ్చింది?”

నాన్న గుండెలో లోహపు కవాటం ఉంది. దానికి రక్తం గడ్డకట్టకుండా పలచబరిచే మాత్రలు వేసుకోవాలి. నెలనెలా పరీక్ష చేయించి, ఆ అంకెని బట్టి డాక్టరు మాత్ర తగ్గిస్తాడు, పెంచుతాడు. మూడు దగ్గర ఉండాలి. తగ్గితే రక్తం గడ్డకడుతుంది, మరీ పెరిగితే ఎక్కడో ఒకచోట కారడం మొదలుపెట్టి ఆగదు. ఏళ్ళ తరబడి నాన్నది మూడు దాటి కాస్త అటూ ఇటూగా ఉండేది. ఈసారి ఒకటి పాయింట్ నాలుగు వచ్చిందని, మందు బాగా పెంచారని అమ్మ అన్నం వడ్డిస్తూ చెప్పడం నాకు గుర్తుంది. నేను ఆ పూట పుస్తకం చూస్తూ తింటున్నాను.

అత్త దుకాణానికి తాళం కూడా వేయలేదు.

అప్పుడు అమ్మతో చెప్పి వెళ్ళాక ఆమె మళ్ళీ మా గడప తొక్కడం అదే. నాన్న కుర్చీలో కూర్చుని కాళ్ళకి ఏదో పూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

“అన్నయ్యా, నువ్వు నాతో మాట్లాడకు. వింటే చాలు. ఆ రిపోర్ట్ తప్పు. పెంచిన మందు వేసుకోకు. ఇంకోచోట ఒక్కసారి పరీక్ష చేయించుకో.”

“ఏమే,” నాన్న అమ్మని పిలిచాడు, “ఈవిడ డాక్టరు చదువు ఎప్పుడు చదివిందో కనుక్కో.”

“డాక్టరు తప్పు చేశాడనలేదు. ఆయన చూసిన అంకె తప్పు. ఆ కంప్యూటర్ వేడెక్కితే మూడుని ఒకటి చేస్తోంది.”

“నువ్వే కదా అది బాగుందని ఇచ్చావు? ఒకసారి కాదు, మూడుసార్లు.”

అత్త గుమ్మం దాటి ఒక అడుగు ముందుకు వేసింది.

“అప్పుడు బాగుంది, ఇప్పుడు నిన్ను గెంటేశాక బాగాలేదు” అన్నాడు నాన్న. “నీ కక్ష తీరడానికి నా చేతిలో ఇంకో సూది గుచ్చించుకోమంటావు.”

“కక్షా? నీ మీదా? ఆ రోజు నువ్వు లేచి వెళ్ళిపోతే కూడా నేను…”

“వదినా మరదళ్ళ ముచ్చట్లు లోపల పెట్టుకోండి. నాకు అచ్చులో ఉన్నది చాలు.”

అమ్మ మధ్యలో పడింది. “పోనీ ఒక్కసారి వేరే చోట చేయిస్తే పోయేదేముందండీ? అది మన మంచికే చెబుతోంది.”

“వచ్చే నెల పరీక్షకి వేరే చోటికే వెళ్తాలే. సరేనా? ఇక వెళ్ళమను.”

మాత్రల డబ్బా ఆయన దగ్గరే ఉండేది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. టికెట్లు లెక్క చూసినట్టే మాత్రలూ చూసుకునేవాడు. నేను చెప్పబోతే, “నీ జెరాక్స్ తెలివి నా దగ్గర కాదు” అన్నాడు. ఆ మాటతో నాకు తిక్క రేగింది. ఆయన ఖర్మ అనుకున్నాను, పైకి అనలేదు.

అత్త మర్నాడే ల్యాబ్‌కి వెళ్ళింది. గేటు దగ్గర ఆపుతారేమోనని నన్ను వెంటబెట్టుకుంది. ఆశ్చర్యం, ఆపలేదు. మేనేజరు ఆ రోజు సరదాగా ఉన్నాడు. కొత్త మెకానిక్ అక్కడే ఉన్నాడు.

“ఏమంటారు మేడం, మా మిషన్ అంకెలు మారుస్తోందా? రండి, మీ ముందే చూద్దాం. మళ్ళీ మాట రాకూడదు.”

తాళం తీశారు. చెక్కపెట్టె తలుపు తెరవగానే లోపలి గాలి నా మోకాళ్ళకి తగిలింది, కాగిన పెనం పక్కన నిలబడ్డట్టు. మెకానిక్ సీపీయూని బయటికి లాగి, బల్ల మీద పెట్టి, స్క్రూలు విప్పి, మూత తీశాడు. ఏసీ గాలి నేరుగా దానిమీదే పడుతోంది. తనిఖీ ప్రోగ్రాం ఎక్కించి నడిపాడు. అందరం చూస్తూ నిలబడ్డాం. ఒక్క తప్పు లేదు.

“మూత వేసి చూడండి” అంది అత్త. “మూత వేసి, ఆ పెట్టెలో పెట్టి, తలుపు మూసి.”

మెకానిక్ నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, నిజంగానే నవ్వొచ్చినట్టు. “అమ్మా, మీరూ ఈ పనిలోవాళ్ళే. మూత వేసుకుని రిపేరు ఎవరైనా చేస్తారా? మీరు చేశారా ఎప్పుడైనా?”

అత్త ఆయన చేతి వంక చూసింది. అరచేతిలో స్క్రూలు జాగ్రత్తగా పట్టుకున్నాడు, ఆమె పట్టుకున్నట్టే.

“చేయలేదు” అంది.

“మరి?”

“అదే నేను చేసిన తప్పు. ఒక్క పూట మూసి నడపండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“పూటంతా మిషన్ ఆపమంటారా, ఇంతమంది రిపోర్టులు ఆగిపోవా?” మేనేజరు హాలు వైపు చెయ్యి చూపించాడు. హాలు నిండా మోచేతుల్లో దూదులు. “అయినా మీకెందుకండీ ఇంత ఆరాటం? ఇంకో ల్యాబ్ వాళ్ళు ఏమన్నా ఇస్తున్నారా?”

సీపీయూకి మూత వేశారు. పెట్టెలోకి తోశారు. తాళం పడిన చప్పుడు నాకు వినిపించింది. అంతలో కౌంటరు అమ్మాయి ఎవర్నో పిలిచింది, రిపోర్ట్ సిద్ధమని.

ఆ తర్వాత మా ఇంట్లో అందరం నాన్నని దొంగచాటుగా చూడటం మొదలుపెట్టాం. స్నానానికి వెళ్తే ఒంటి మీద మచ్చల కోసం, పళ్ళు తోముకుంటే ఉమ్మి రంగు కోసం. అమ్మ ఏవో వంకలతో ఆయన దిండుగలీబు రోజూ మార్చేది. మొదట ముంజేతి మీద ఊదారంగు మచ్చ. “తలుపు తగిలింది” అన్నాడు. తర్వాత పిక్క మీద, అరచెయ్యంత. “కుర్చీ తగిలింది.” మా ఇంట్లో వస్తువులన్నీ ఆయన మీద పగబట్టినట్టు తగలడం మొదలుపెట్టాయి. అత్త రోజూ జెరాక్స్ దుకాణానికి వచ్చి ఒకే మాట అడిగేది: “ఎలా ఉన్నాడు?” నేను బాగానే ఉన్నాడనేవాణ్ణి. ఆ జవాబు విని ఆమె మొహం ఎందుకు వాడిపోయేదో నాకు ఆలస్యంగా అర్థమైంది. తానూ మూడుసార్లు అన్నది ఆ మాటే.

పిక్క మీద మచ్చ సంగతి చెప్పిన రోజు ఆమె వెంటనే ఆటో పిలిచింది. మేము వెళ్ళేసరికి నాన్న భోజనం ముందు కూర్చుని ఉన్నాడు. ముద్ద ఎడమచేత్తో మంచినీళ్ళ గ్లాసులోకి పెడుతున్నాడు. అమ్మ అటు తిరిగి ఏదో తీస్తోంది, చూడలేదు.

“అన్నయ్యా, నా వైపు చూడు.”

చూశాడు. ఒక కన్ను చూసింది. “బస్సు ఆగిందా?” అన్నాడు.

ఆస్పత్రిలో రక్తం తీస్తే, సూది దిగిన చోట కారడం ఆగలేదు. అంకె వాళ్ళ యంత్రం చూపించగలిగినదానికి మించిపోయింది. తలలో కారుతోందన్నారు. మందులెక్కించి, తల తొలిచి, బతికించారు. కుడిచెయ్యి పోయింది, మాట సగం పోయింది.

ఈ మందు ఇంతెందుకు పెంచారని అక్కడి డాక్టరు అడిగింది. అమ్మ రిపోర్ట్ చూపించింది. ఒకటి పాయింట్ నాలుగు, స్పష్టంగా అచ్చులో. ఆవిడ తల ఊపింది. “దీన్ని చూస్తే ఎవరైనా పెంచుతారు.” అత్త తన గోడు చెప్పింది. ఆవిడ ఓపిగ్గానే విని, “అయ్యుండొచ్చమ్మా. కానీ ఆకుకూరలు మానేసినా ఈ అంకె పెరుగుతుంది, వేరే మాత్ర ఏదైనా కలిసినా పెరుగుతుంది. ఇదీ అని ఎలా చెప్పగలం?” అంది. ఎవరూ చెప్పలేరు. ఆ రక్తం ఎప్పుడో పారబోశారు.

నాన్న ఇంటికి వచ్చాక అత్త రోజూ వచ్చి ఆయన చెయ్యి మర్దనా చేసేది. ఆయన ఆమెతో మాట్లాడలేదు. మాట రాక అని సరిపెట్టుకున్నాం. ఒకరోజు ఆమె వెళ్ళబోతుంటే వంకర పోయిన నోటితో అమ్మని పిలిచి, “దాన్ని… తిని… వెళ్ళమను” అన్నాడు. అంతే. అత్త చేతులు కడుక్కుని కూర్చుని తింది. ఒక్క మెతుకు వదల్లేదు.

నాకు మాత్రం అది చాల్లేదు. ల్యాబ్ మీద కేసు పెట్టాలన్నాను, రాళ్ళేయాలన్నాను. “ఏమని పెడతావురా?” అంది అత్త. “బాగుందని మూడుసార్లు చెప్పినదాన్ని నేనేగా. మొదటి సాక్షిని నన్నే పిలుస్తారు.”

ల్యాబ్ మామూలుగా నడుస్తూనే ఉంది. అదే పెట్టె, అదే తాళం. అత్త దుకాణం తెరవడం తగ్గించి, ల్యాబ్ ఎదుట తాళాలు బాగుచేసేవాడి గొడుగు కింద స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. లోపలికి వెళ్ళేవాళ్ళని ఆపి, “ఇంకోచోట కూడా చూపించుకోండి బాబూ” అనేది. కొందరు విదిలించుకునేవాళ్ళు, కొందరు కమీషన్ ఎంతని అడిగేవాళ్ళు. ఫిర్యాదు వెళ్ళింది. పోలీసాయన వచ్చి, మర్యాదగానే, ఇంకోసారి కనిపిస్తే స్టేషన్‌కి తీసుకెళ్ళాల్సి వస్తుందన్నాడు. తర్వాత ఆమె మెట్ల కింది దుకాణం ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయింది. మాకు చెప్పలేదు. మామయ్య రాయించిన బోర్డు మాత్రం ఇంకా ఉంది, దాని కింద ఇప్పుడు చెప్పులమ్ముతున్నారు.

నేను ఆమెని ఆఖరుసారి చూసింది ఆ గొడుగు కిందే, ఆమె వెళ్ళిపోవడానికి ముందు, మిట్టమధ్యాహ్నం. నాన్న మందులకి వెళ్తూ ఆగాను. ల్యాబ్ గోడకి బయటున్న ఏసీ పెట్టెలో రెక్క తిరగడం లేదు. లోపల కిటికీలు తెరిచి అట్టముక్కలతో విసురుకుంటున్నారు. అత్త చూపు రోడ్డు దాటుతున్న ఒక ముసలాయన మీద ఉంది. చంకలో ఆస్పత్రి ఫైలు, గుండె మీద చొక్కా గుండీల మధ్య నిలువునా పాత కుట్టు గీత. మా నాన్నకి ఉన్నలాంటిదే. ఆయన ల్యాబ్ మెట్లెక్కుతున్నాడు. అత్త నా మోచెయ్యి పట్టుకుంది.

“నేను చెప్పాన్రా, వినలేదు. నన్ను ఏ బ్రోకరో అనుకున్నాడు. నీ చొక్కా శుభ్రంగా ఉంది, నువ్వు చెబితే వింటాడు. నించుంటావేం, వెళ్ళు, తలుపు తోస్తున్నాడు.”